పూతపొగ

కొండకు కాపలా కాయడమంటే జీతం లేని కొలువు. ఆగిరిపల్లికి రెండు మైళ్ళ దూరాన ఉన్న ఆ ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళు ఆ కొలువు నెత్తిన పెట్టుకున్నారు. యుద్ధం రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచాయి కదా, ఆ బొగ్గు కోసం కొండను నరికి నరికి బోడిగుండు చేశారు. తర్వాత జమీలు పోతున్నాయి, కొండ ఇక అందరిదీ అన్నారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. అలా చావకూడదనే కొండయ్య ఇల్లిల్లూ తిరిగి వంతులు వేశాడు. సత్యాగ్రహంలో జైలుకెళ్ళొచ్చిన మనిషి, ఆయన మాటంటే ఊళ్ళో గురి. రోజుకో ఇంటివంతు. ఆ ఇంటి మనిషి పొద్దున్నే కొండెక్కి గొడ్డళ్ళనూ పశువులనూ నిప్పునూ కనిపెట్టుకుని ఉండాలి. ఎక్కడ పొగ కనపడినా దిగి వెళ్ళి కళ్ళారా చూసి రావాలి. మూడేళ్ళు అలా కాస్తే, నరికిన మోళ్ళే చిగిర్చి మనిషెత్తు చండ్రలూ తునికులూ అయ్యాయి.

నలభై తొమ్మిదో సంవత్సరం మాఘమాసంలో ఒక రోజు వంతు తులసమ్మకు వచ్చింది.

మామిడితోటల్లో కూలికి పోయే మనిషి తులసమ్మ. కొండ మీది మోళ్ళకు ముళ్ళకంప కట్టి, అడ్డంగా పెరిగిన తీగలు కోసి, వానాకాలంలో మట్టి ఎగదోసిన చేతుల్లో ఆమె చేతులే ముందు. ఆ కొండంటే ఆమెకు ప్రాణం. ఆ పొద్దు మాత్రం దిగులుతో అన్నం కూడా తినకుండా ఎక్కింది. నూజివీడు నుంచి మధ్యాహ్నానికి అడవిశాఖ రేంజరు గారు వస్తున్నారు. కొండ ఉత్తరపు వాలు నరుక్కోవడానికి ఒక కంట్రాక్టరు పాత జమీ కచేరీలో ఎప్పుడో పర్మిట్టు కొనుక్కున్నాడు. దాన్ని రద్దు చెయ్యమని ఊరంతా అర్జీ పెట్టింది. రద్దయితే కొండ బతుకుతుంది. లేకపోతే సోమవారం గొడ్డళ్ళు దిగుతాయి.

పొద్దు బారెడెక్కే వేళకు ఆమె మొగుడు మల్లయ్య సత్తు గిన్నె పట్టుకుని ఎక్కి వచ్చాడు. కొండ కిందే ఉన్న బసవపున్నారావు గారి తోటలో పాలేరు అతను. మామిడి నిండా పూత మీద ఉంది. తేనెమంచు పురుగు పడితే పూత నల్లబడి రాలిపోతుందని, ఆ రోజుల్లో ప్రతి తోటలోనూ పచ్చాకూ తడిగడ్డీ కుప్పలేసి పొగ పెడతారు. మల్లయ్య పనీ అదే. కొండ మీంచి చూస్తే ఎటు చూసినా తోటల్లోంచి పొగలే.

"తినకుండా వచ్చావంట. ఇదిగో, చద్దన్నం. నంజుకోడానికి మాగాయ ముక్క కూడా ఉంది" అన్నాడు.

"కుప్పల కాడ ఎవరున్నారు?"

"తడాకు కప్పొచ్చాలే. గంట దాకా దాని జోలికెళ్ళక్కర్లేదు."

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో మల్లయ్య ఆమెకు అన్నం మోసుకొచ్చింది అదే మొదటిసారి. తులసమ్మకు సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. బండ మీద కూర్చుని తింటుంటే, తోట చివర కొండ అంచున ఒక పొగ మిగతా వాటికన్నా లావుగా లేస్తూ కనిపించింది.

"ఏమయ్యా, ఆ పొగేంటి అంత దట్టంగా ఉంది? వెళ్ళి చూసొస్తాను."

"కూచోవే, అది నాదే. ఆ కుప్పలో వేపాకు ఎక్కువేశాను. ముందు అన్నం తిను."

వంతు మనిషి పొగను చూస్తే దిగి వెళ్ళాలి. అది ఊరి కట్టు. కానీ సొంత మొగుడు పక్కన కూర్చుని నా పొగే అంటుంటే ఏ ఆడది లేచి పోతుంది? తులసమ్మ ఇంకో రెండు ముద్దలు తిన్నది. ఆ రెండు ముద్దలే జన్మంతా ఆమెకు గొంతులో అడ్డం పడ్డాయి.

పూతపొగ తెల్లగా ఉంటుంది, చెట్ల నడుమ బద్ధకంగా పాకుతుంది. ఇది ఎర్రమట్టి రంగుకు తిరిగి నిటారుగా లేచింది. ఆ వెనకే చిటపటమని చప్పుడు. కుప్పలోంచి రవ్వ ఎగిరి గట్టు మీది బోదగడ్డిలో పడింది. బోద నుంచి వాలుకు పాకింది. తులసమ్మ గిన్నె అవతల పారేసి, కాపలా బండ దగ్గర వేలాడదీసిన కిరసనాయిలు డబ్బాను చేతులు వాచేలా బాదింది. తోటల్లోని వాళ్ళు, ఊళ్ళోని వాళ్ళు పచ్చికొమ్మలు విరుచుకుని పరుగెత్తుకొచ్చారు. గాలి పడమట నుంచి తోస్తోంది. కొట్టిన చోట ఆరి, కొట్టని చోట లేచింది. కనుబొమలు కాలాయి, చీర కొంగులు అంటుకున్నాయి. రెండు గంటల పాటు ఎవరికీ ఊపిరాడలేదు. చివరికి అడ్డంగా ఉన్న బండ్లదారి దగ్గర మంట ఆగింది. దారికి పైనున్నదీ, ఉత్తరపు వాలూ దక్కాయి. కిందున్నదంతా, మూడేళ్ళ కష్టం, నల్లగా నిలబడి పొగలు కక్కుతోంది.

తులసమ్మ ఒక మోడు దగ్గర కూలబడి ఏడ్చింది. మల్లయ్య దూరంగా తల వంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు కేకలు వినిపించాయి. రామకృష్ణ అనే పడుచువాడూ, వాడి జతగాళ్ళూ ఒక మనిషిని ఈడ్చుకొస్తున్నారు. చింతలపూడి వైపు నుంచి వచ్చి, కొండ వెనక ఆ కంట్రాక్టరు పెట్టిన బొగ్గుబట్టీలో కూలి చేస్తున్న సువర్ణరాజు. మంట చూసి పార పట్టుకుని ఆర్పడానికి పరుగెత్తుకొచ్చాడు పాపం. చేతిలో పార ఉంది, ఒంటి నిండా మసి ఉంది, ఇంకేం సాక్ష్యం కావాలి? దారిలో ఆగి ఉన్న బండిచక్రానికి కట్టేశారు.

"పర్మిట్టు ఎలాగూ పోద్దని కసికొద్దీ తగలబెట్టించాడు ఆ కంట్రాక్టరు" అన్నాడు రామకృష్ణ. "ఠాణాకు లాక్కుపోదాం పదండి."

సువర్ణరాజు "నాకు తెలీదయ్యా" అన్న మాట తప్ప ఇంకోటి అనలేదు. వాడి పెదవి చిట్లి రక్తం కారుతోంది.

తులసమ్మ కొండయ్యను పక్కకు పిలిచింది.

"కొండయ్య గారూ, ఆ నిప్పు బట్టీది కాదండి. మాది. మా ఆయన పూతపొగ. నేను చూశాను, చూసి కూడా దిగలేదు."

కొండయ్య చుట్టూ ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఎవరితోనన్నా అన్నావా?"

"లేదండి."

"అనబాక. రేంజరు ఇంకో గడియలో వస్తాడు. బట్టీ నిప్పని రాసుకున్నాడంటే పర్మిట్టు ఈ పూటే రద్దు. వాణ్ణి రెండ్రోజులు ఠాణాలో ఉంచి వదిలేస్తారు, నేనే వెళ్ళి విడిపిస్తాను. కొండ నూరేళ్ళుంటుంది తులసమ్మా. మీవాడి పాలేరుతనం కూడా పోదు. ఆలోచించుకో."

సత్యం కోసం జైలుకెళ్ళిన మనిషి ఆ మాట అన్నాడు. ఆయన్ను తప్పు పట్టడానికి తులసమ్మకు మనసొప్పలేదు. ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి. నిజానికి ఆమె మనసూ అదే అంటోంది. ఉత్తరపు వాలులో ప్రతి చెట్టూ ఆమెకు తెలుసు. ఒక్క మాట మింగేస్తే అవన్నీ బతుకుతాయి. రెండు ముద్దలు మింగిన గొంతుకు ఒక మాట మింగడం ఎంతసేపు?

రేంజరు సైకిలు దిగి, మసిలో బూట్లతో నడుస్తూ వచ్చాడు. నోటుబుక్కు తీశాడు.

"నిప్పు ఎక్కడ పుట్టింది? వంతు ఎవరిది ఇవాళ?"

జనం దారి ఇచ్చారు. తులసమ్మ ముందుకు వచ్చింది. మల్లయ్య ఆమె వంకే చూస్తున్నాడు. వద్దని అనలేదు, చెప్పమనీ అనలేదు. కొండయ్య నేల చూస్తున్నాడు. చక్రానికి కట్టేసిన సువర్ణరాజు ఎవరి వంకా చూడటం లేదు. తన గురించి నిజం చెప్పేవాళ్ళు ఆ గుంపులో ఉంటారని అతను అనుకోనే లేదు. అది చూశాక తులసమ్మ ఇక ఆగలేకపోయింది.

"వంతు నాదండి. నిప్పు మా తోట పొగలోంచి లేచింది. నేను చూసి కూడా ఊరుకున్నాను. ఆ మనిషి ఆర్పడానికొచ్చాడండి. కట్లు విప్పించండి."

రేంజరు రాసుకుని, ఆమె వేలిముద్ర వేయించుకుని, కొండయ్యతో అన్నాడు.

"కాపలా వాళ్ళే కాల్చుకున్నారని రాయాల్సొస్తుంది. ఇక నేను పర్మిట్టు ఏ మొహం పెట్టుకుని ఆపమనేది? నన్నేం చెయ్యమంటారు చెప్పండి."

కొండయ్య తనే వంగి సువర్ణరాజు కట్లు విప్పాడు. రేంజరు సైకిలెక్కాడు. కబురు అప్పటికే తోటలోకి వెళ్ళింది. బసవపున్నారావు గారు రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారని మల్లయ్యకు చెప్పిపోయారు. జనం ఒక్కొక్కరే తులసమ్మను తప్పుకుని దిగిపోయారు. రామకృష్ణ వెళ్తూ వెళ్తూ ఆమె ముందు ఉమ్మేశాడు.

మోళ్ళలో ఇంకా నిప్పుంది. తులసమ్మ లేచి, తాగడానికి తెచ్చుకున్న కుండలో మిగిలిన నీళ్ళు ఒక మోడు మీద పోసింది. చుయ్యిమంది. ఇంకో దానికి నీళ్ళు లేవు.

"నీళ్ళు కాదమ్మా." వెనక సువర్ణరాజు, చేతిలో తన పారతో నిలబడి ఉన్నాడు. "నీళ్ళు పోస్తే పైన ఆరుద్ది, లోపల రాజుకుంటది. మట్టి కప్పాలి. గాలాడకుండా కప్పితే వేరు బతుకుద్ది."

బొగ్గు కాల్చేవాడికి నిప్పు సంగతి తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? ఇద్దరూ మోడు తర్వాత మోడు మట్టి కప్పుకుంటూ పోయారు. మల్లయ్య గంపతో మట్టి మోశాడు. మొగుడి మొహం చూసే ధైర్యం ఇంకా రాలేదు తులసమ్మకు.

"సోమవారం నువ్వూ వస్తావా నరకడానికి?" అని అడిగింది సువర్ణరాజును.

అతను పార ఆపలేదు. "కూలి మనిషినమ్మా. రమ్మంటే రావాలి."

"రా. ఉత్తరపు వాలులో మొదటి చెట్టుకు నేను ఆనుకుని ఉంటా. ముందు నన్ను లాగి అవతల పడెయ్యాలి నువ్వు."

సువర్ణరాజు ఆ మోడు చుట్టూ మట్టి తట్టి గట్టి చేశాడు. తర్వాత చిట్లిన పెదవి తుడుచుకున్నాడు.

"నిన్నైతే ఆ పని సుళువుగా చేసేవోణ్ణమ్మా. ఇయ్యాల నువ్వు నన్ను విడిపించావు, ఇక చేతులాడవు" అన్నాడు.