పక్కన పడేసిన ఇటుక

నూనె ప్లాస్టిక్ సంచిని లోపలివైపు బయటికి వచ్చేలా తిప్పి, సబ్బుపొడి వేసి గట్టిగా తోమితే గానీ జిడ్డు వదలదు. జిడ్డు మిగిలితే ప్లాస్టిక్ కరిగేటప్పుడు బుడగలొస్తాయి, చల్లారాక ఇటుక పగులుతుంది. అందుకే ఊళ్లో పారేసిన సంచులన్నీ ముందు ఆమె తొట్టి దగ్గరికే వస్తాయి. ఆ తర్వాతే ఇసుకతో కలిసి భర్త ఇటుకల మిషన్లోకి పోతాయి.

పెరట్లో నీడ లేదు. ఎండలో వీపు మాడేది, వానలో పైనా నీళ్లే కిందా నీళ్లే. వేళ్ల సందులు ఒరిసిపోయి, ఉప్పు తగిలితే ప్రాణం పోయినట్టుండేది. జడ వేయబోతే కూతురు, "అమ్మా, నీ చేతులు వాసన" అని తల తప్పించుకునేది. నీళ్లలో పెడితే చేతులు అరిగిపోతాయా, మేం గిన్నెలు తోమలేదా అనేది అత్తగారు.

వచ్చినవాళ్ల ముందు భర్త ఇటుకను నేలకేసి కొట్టేవాడు. పగిలేది కాదు. అంతా మిషన్ మహిమ అనేవాడు. మొన్నొక కాంట్రాక్టరు, ఇంత మురికి కడిగేదెవరని అడిగాడు.

"అదేముందండీ, ఇంట్లో ఆడవాళ్లు చూసుకుంటారు."

టీ కప్పులు పట్టుకుని ఆమె అక్కడే నిలబడి ఉంది.

ఆమె జ్వరం నుంచి లేచి ఇంకా వారం కాలేదు. ఆ సాయంత్రం తొట్టి చుట్టూ మూడు గోడలు, పైన ఒక రేకు కావాలని మళ్లీ అడిగింది.

"అమ్ముకునే సరుకుతో నీకు గోడలు కట్టాలా? పనికిరాని ఇటుకలుంటే తీసుకో, ఎవరొద్దన్నారు?" అన్నాడు, పెద్ద మనసు చేసుకున్నట్టు.

పెరడంతా వెతికింది. పనికిరానిది ఒక్కటీ దొరకలేదు. ఎలా దొరుకుతుంది? అంత బాగా కడిగింది తనే. ఎంత బాగా చేస్తే అంత నష్టపోయే బేరం ఇన్నేళ్లూ నోరు మూసుకుని చేసింది. ఏ కొట్టువాడైనా చేస్తాడా ఇలాంటి వ్యాపారం? ఇటుక చెడితే దెబ్బ ఇంటికే, పిల్ల చదువుకే. అదీ తక్కెట్లో వేసి చూసుకుంది. అయినా ముల్లు అటువైపు మొగ్గలేదు.

మర్నాడు సంచులను తొట్టిలో ముంచి, తీసి, ఆరేసింది. అంతే. ఆరాక, తోమిన సంచికీ తడిపిన సంచికీ తేడా చేతికే తెలుస్తుంది. మిషన్లో పడేదాకా ఆ సంచుల మీద చేయి వేసేది ఆమె ఒక్కతే.

అచ్చు విప్పిన భర్త మొహం మాడిపోయింది. ఇటుక నిండా బుడగలు. తట్టగానే మూల ఊడింది. మిషన్ని నానా తిట్లూ తిట్టి, ఇటుకను పక్కన పడేశాడు.

"ఇది పనికిరాదా?" అంది ఆమె.

"కనపడటం లేదూ?"

ఆమె వంగి దాన్ని ఎత్తుకుంది. తొట్టి పక్కన, గోడ మొదలవ్వాల్సిన చోట పెట్టింది. మూడు గోడలకు మొత్తం ఎన్ని కావాలో ముందే లెక్క చూసుకుంది.