ఎర్రలైటు పడినంతసేపే

అక్కర్లేనప్పుడు ప్రతి సిగ్నలూ ఎర్రగానే పడుతుంది. ఇవాళ పడితే బాగుండనుకుంటే ఒక్కటీ పడి చావట్లేదు. మూడు కూడళ్ళు వరసగా పచ్చ. ప్రయాణికులు మురిసిపోతున్నారు. డ్రైవరు పళ్ళు నూరుకుంటున్నాడు. మెడ వ్యాయామానికి ఆయనకి దొరికే తీరిక ఎర్రలైటొక్కటే మరి.

నాలుగో కూడలిలో పడింది. నలభై సెకన్లు. హ్యాండ్‌బ్రేకు వేసి, గడ్డాన్ని కుడి భుజం వైపు తిప్పాడు. లోపల ఇసుక నలిగినట్టు చప్పుడైంది. సగం దూరం వెళ్ళి మెడ మొరాయించింది. ఇరవయ్యారేళ్ళుగా ముందుకే చూసిన మెడ. పక్కలనేవి ఉంటాయని అది మర్చిపోయింది.

నాలుగింటికి డిపోలో డాక్టరు పరీక్ష. గడ్డం భుజందాకా తిరిగితే స్టీరింగు ఉంటుంది. తిరక్కపోతే రేపట్నుంచి స్టోర్సు గదిలో బోల్టులు లెక్కపెట్టుకోవాలి.

"అలా కాదు డ్రైవరుగారూ, ముందు పైకి చూడాలి," అన్నాడు ముందు సీట్లో పెద్దాయన. బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మెడల గురించి ఆయనకి తెలియంది లేదు.

"పైకి చూస్తే కళ్ళు తిరుగుతాయండీ. మా ఆడపడుచుకి అంతే అయింది. దిండు తీసెయ్యండి చాలు," అంది సంచీ ఒళ్ళో పెట్టుకున్నావిడ.

"తీసేశానమ్మా."

"అయ్యో, రెండు పెట్టుకోవాలి!" అన్నారు వెనకెవరో.

టిక్కెట్టు అడిగి తీసుకునేవాళ్ళు తక్కువగానీ, అడక్కుండా వైద్యం చెప్పేవాళ్ళకి ఆ బస్సులో కొదవలేదు.

"ఎనిమిది... తొమ్మిది... అన్నా, తొమ్మిదికే వదిలేశావ్! దొంగ లెక్క," అంది కండక్టరమ్మ. పదకొండేళ్ళుగా ఆయన బస్సులోనే పని. ఆవిడ మొహాన్ని ఆయన అద్దంలోనే ఎక్కువ చూశాడు.

"పచ్చ పడిందమ్మా."

"పడనీ. డాక్టరు నీ అద్దాలు చూడడు, మెడ చూస్తాడు."

అద్దాల సంగతి నిజమే. మెడ తిరగడం తగ్గినప్పుడల్లా ఆయన వ్యాయామం మొదలుపెట్టకుండా ఇంకో అద్దం తగిలించేవాడు. ఇప్పటికి ఐదయ్యాయి. మంగలి కొట్లో కూడా అన్నుండవు. మెడ మానేసిన పనల్లా అద్దాలు చేసిపెట్టాయి. నెల కిందట పరీక్ష కాగితం వచ్చాకగానీ వ్యాయామం గుర్తురాలేదు.

మధ్యాహ్నం ఆఖరి స్టాపులో డబ్బా విప్పుకున్నాడు. వంగి తినలేక గిన్నెనే గడ్డం దాకా ఎత్తుకున్నాడు. భార్య ఫోను చేసింది.

"చేస్తున్నారా?"

"ఆఁ."

"ఎన్నిసార్లు?"

"సిగ్నళ్ళని బట్టి."

నాలుగింటికి డాక్టరు కుడికి తిప్పమన్నాడు. ఆయన నడుముతో సహా తిరిగాడు. డాక్టరు భుజాలు రెండూ పట్టుకుని, "మెడ మాత్రమే," అన్నాడు. గుమ్మం దగ్గర కండక్టరమ్మ పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. పది దాటింది. ఇరవై కూడా దాటింది, గడ్డం మాత్రం సగం దూరంలోనే ఆగిపోయింది. ఆ కుర్ర డాక్టరు కాగితం మీద ఏదో రాసి, "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?" అన్నాడు, కోపంగా కాదు.

"బస్సు నడిపానండీ."

బస్సు తాళం డిపో బల్ల మీద పెట్టాడు. "వస్తానమ్మా," అన్నాడు కండక్టరమ్మతో, రోజూ అన్నట్టే. వేరే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. వెనక్కి చూడాలంటే లేచి నిలబడి మొత్తంగా తిరగాలి. బస్సు కిటకిటలాడుతోంది. సీటు పోతుందని లేవలేదు.

కండక్టరమ్మ ఆయన సీటు కింద పెట్టె ఖాళీ చేసింది. అడుగున, గుడ్డల కింద, మెడకి పెట్టుకునే పట్టీ దొరికింది. నలుగురిలో ఎబ్బెట్టుగా కనపడకుండా, దాని చుట్టూ యూనిఫాం నీలం గుడ్డతో తొడుగు కుట్టి ఉంది. సన్నటి చేతికుట్టు. ఒక్క మడతైనా పడలేదు. ఒక్క చెమట మరకైనా లేదు.

అప్పుడే ఆయన భార్య నుంచి ఫోను. "ఈయన ఎత్తట్లేదమ్మా. పరీక్షకి వెళ్ళేదాకా పట్టీ పెట్టుకునే ఉన్నారు కదా?"

"ఉన్నారు వదినా. పొద్దున్నించీ తియ్యలేదు," అనేసింది.

ఇప్పుడది ఇంటికి పంపితే ఆ కుట్టు కుట్టినావిడకి సంగతి తెలిసిపోతుంది. స్టోర్సుకి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడదామా అంటే ఏ మొహంతో పెట్టాలి? పారేద్దామంటే చెయ్యి రావట్లేదు. అయ్యా, అమ్మా, మెడ గురించి అన్నీ తెలిసినవాళ్ళూ, మీకు పుణ్యముంటుంది, దీన్నేం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పండి. డ్రైవరు సీటు మీద, లోపల ఎవరి మెడో ఉన్నట్టు, గుండ్రంగా, నిటారుగా కూర్చుని ఉందది.