ముందు పోతున్న శవం బండి

హేస్టన్ సకాలా తల్లిని మట్టిలో పెట్టేది మధ్యాహ్నం రెండింటికి. తెల్లారి ఐదింటికి లుసాకాలో బండి కదిలించినప్పుడు అతని బుర్రలో ఉన్నది అదొక్కటే. వెనక కూర్చున్న పద్దెనిమిదిమంది తెల్లవాళ్లూ, చీకటి పడకముందే చిపాటా చేరాలన్న కంపెనీ హుకుమూ ఎప్పుడూ ఉండేవే.

ఊరు న్యింబా దాటాక ముప్పై కిలోమీటర్లు. ఇల్లు రోడ్డు మీదికే. తల్లి మంచం పట్టాక ఆ ఇంటిముందు నుంచి రెండుసార్లు పోయాడు. రెండుసార్లూ హారన్ కొట్టాడేగాని దిగలేదు. వాకిట్లో చాప మీద పడుకున్న మనిషి చెయ్యెత్తిందో లేదో అద్దంలో చూసేలోపే మలుపు వచ్చేసింది. ఊళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లని దేశాలమ్మట తిప్పే బండి మరి. డ్రైవరు తల్లి ఇల్లు అందులో చూడాల్సిన చోటు కాదు.

ట్రిప్పు పెద్ద రుదో అనే జింబాబ్వే ఆడమనిషి. ముప్పై దాటలేదు. పక్కసీట్లో కూర్చుని సంగతంతా వింది.

"పది నిమిషాలు ఇస్తాను పెద్దాయనా. అంతకుమించి నా చేతుల్లో లేదు. వెనకవాళ్లకి బండి చల్లారనిస్తున్నామని చెప్తాలే."

"పది చాలమ్మా. గుప్పెడు మట్టి వెయ్యడానికి ఎంతసేపు?"

పొద్దున్నించీ ఏదీ కలిసిరాలేదు. ఒకామెకి కడుపు చెడి మూడుసార్లు బజర్ నొక్కింది. నొక్కినప్పుడల్లా ఆపడం, చెట్ల వెనక్కి ఆమె పోయి వచ్చేదాకా స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడం. లువాంగ్వా వంతెన దగ్గర ఒక్కో బండినీ వదులుతుంటే ముప్పావుగంట. కొండల్లో ఎక్కుడు దగ్గర ముసలి బండి దగ్గుతూ రొప్పుతూ పాకింది. ఇదే దారిని ఇతనికన్నా చిన్నవాళ్లు కొత్త బండ్లలో రయ్యిమని దాటిపోతుంటే, ఇరవై రెండేళ్లుగా తోలి తను బావుకున్నదేమిటా అనుకున్నాడు.

అయినా ఒంటిగంటకల్లా న్యింబాలో ఉన్నాడు. మేనమామకి ఫోన్ కొట్టాడు.

"వచ్చేశాను మామా. ఇంకో ముప్పై."

"మబ్బు దిగుతోందిరా. గోతిలోకి నీళ్లు దిగితే నా వల్ల కాదు. రెండున్నర దాటితే ఆగను."

"రెండింటికే ఉంటాను."

న్యింబా దాటి నాలుగు కిలోమీటర్లు పోయాడో లేదో, ముందు పచ్చకొమ్మలు కట్టిన పాత లారీ కనిపించింది. లారీ మీద పెట్టె, పెట్టె చుట్టూ పాటపాడుతూ ఆడవాళ్లు. వెనకాల రెండు వ్యాన్లు, సైకిళ్ల మీద ఓ పదిమంది. మనిషి నడకకన్నా ఒక పిసరు ఎక్కువ వేగం.

హేస్టన్ లైట్లు వేసి రెండో గేరులోకి దించాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"దాటెయ్ పెద్దాయనా, రోడ్డు ఖాళీగా ఉంది," అంది రుదో.

"శవం పోతోందమ్మా."

"నాకు కళ్లు లేవా? అక్కడ మీ అమ్మ ఉంది!"

అతను గేరు మార్చలేదు. చిన్నప్పుడు సైకిల్ దిగకుండా శవాన్ని దాటినందుకు ఆ తల్లే దారిలో పదిమంది చూస్తుండగా చెంప పగలగొట్టింది. ఎవరిదైనా సరే, పోయిన మనిషి ముందు పోతుంటే వెనకే పోవాలంది. వేలసార్లు ఆగాడు అలాగ. ఎన్నడూ కష్టమనిపించలేదు. ఇవాళ ఒక్కో కిలోమీటరూ గుండెల్లోంచి పెరికినట్టుంది.

వెనక బజర్ మోగింది. ఏమైందట అని. మళ్లీ మోగింది. మినీబస్సు ఒకటి హారన్ కొడుతూ అన్నిటినీ దాటుకుని పోయింది. "చూశావా?" అంది రుదో. లారీ డ్రైవరు కూడా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, పొమ్మని ఊపాడు.

పోవచ్చు. హేస్టన్ కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. లారీ అంచున పెట్టెని ఆనుకుని ఒక ముసలామె ఇటు తిరిగి కూర్చుంది, గంట నుంచీ అతని మొహంలోకే చూస్తోంది. ఆమె చూస్తుండగా దాటడం అతనివల్ల కాలేదు.

పచ్చకొమ్మల లారీ ఎడమవైపు మట్టిదారిలోకి తిరిగేసరికి మూడు కావస్తోంది. ఆ తరవాత అతను తోలిన తోలుడుకి వెనక సామాను పడి ఎవరో కేకలు పెట్టారు. ఫోన్‌కి మామ పలకలేదు.

ఇంటిముందు బండి ఆపేసరికి చినుకులు మొదలయ్యాయి. జనం శ్మశానం నుంచి తిరిగొస్తున్నారు. పారలు భుజాన వేసుకున్న మగవాళ్ల ముందు మేనమామ.

"అయిపోయిందా మామా?"

"మట్టి వెయ్యడానికి ఆమె పిల్లలు రండి అని మూడుసార్లు పిలిచారు. పెద్దకొడుకువి నువ్వేగా? మూడుసార్లూ జనమంతా రోడ్డు వైపు చూశారు. చివరికి మీ పిన్ని కొడుకు వేశాడు నీ మట్టి."

"దారిలో శవం అడ్డమొచ్చింది మామా. దాటలేకపోయాను."

మామ అతన్ని కిందనించి పైదాకా చూశాడు. "ఎవరిదిరా?"

"తెలీదు."

"ఎవరో తెలీని శవం కోసం కన్నతల్లిని వదిలావా? ఈ రోజుల్లో ఎవడు ఆగుతున్నాడు? అందరూ దాటేస్తున్నారు. నేనూ దాటేస్తాను. నువ్వొక్కడివే దొరికావా ఆ మర్యాదకి?"

హేస్టన్ శ్మశానం వైపు చూశాడు. ఆ మర్యాద తెలిసిన మనిషి ఇంకొకరుంటే మట్టి కింద ఉంది.

వాకిట్లో పిన్ని నీళ్ల బేసిన్ పెట్టుకుని కూర్చుంది. మట్టి వేసి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే చేతులు కడుక్కుని లోపలికి పోతున్నారు. హేస్టన్ కూడా వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక చేతులు చాచాడు. పిన్ని చెంబు ఎత్తింది, ఆ చేతులకేసి చూసింది, ఆగింది.

"నీకక్కర్లేదులే నాన్నా," అంది మెల్లగా. చెంబు అతని వెనకున్నవాడి వైపు వంచింది.