ఆగి ఉన్న కారు

పొద్దున ఏడింటికి సుప్రజ ఇడ్లీ పళ్ళెం, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వెళ్తుంది. కారు అద్దం మీద వేలితో రెండుసార్లు కొడుతుంది. అద్దం దిగుతుంది. పళ్ళెం లోపలికి వెళ్తుంది. అద్దం మూసుకుంటుంది. మధ్యాహ్నం అన్నం, సాయంత్రం టీ కూడా అంతే.

లోపల డ్రైవర్ సీట్లో కూతురు వినీల. డిగ్రీ రెండో ఏడు చదివే పిల్ల. స్నానానికీ నిద్రకీ తప్ప కారు దిగక మూడు నెలలైంది. కాలేజీకి వెళ్ళడం లేదు.

అది కరెంటు బండి. ముందు పలకంత తెర ఉంది. అందులో ఇంటర్నెట్ వస్తుంది, ఇంటర్నెట్‌లో నిజం ఊళ్ళ రోడ్ల మీదే నడిపే ఒక కారు ఆట ఉంది. బండి ఆగి ఉంటేనే ఆ ఆట ఆడనిస్తుంది. ఛార్జింగ్ ప్లగ్గు గోడకి పెట్టుకుని, తెర మీద బాణం గుర్తులు నొక్కుతూ, వినీల రోజంతా కారులో కూర్చుని కారు నడుపుతుంది.

బండి మాత్రం షెడ్డు దాటలేదు. సుప్రజ భర్త గిరిబాబు పోయిన పదకొండో రోజున ఆయన తమ్ముడు దాన్ని కడిగించి, పసుపునీళ్ళు చల్లి, నాలుగు టైర్ల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టి వెళ్ళాడు. మళ్ళీ రోడ్డెక్కే రోజున వాటిని తొక్కించాలి. ఎవరూ తొక్కించలేదు. నిమ్మకాయలు అక్కడే ఎండి గోళీల్లా అయ్యాయి.

అయినా టైర్లకు మట్టి ఉంటుంది. ఒకరోజు రెడ్డిగూడెం తోటల ఎర్రమట్టి. ఇంకోరోజు వినగడప చేల నల్లమట్టి. వినీల ఆటలో ఎటు వెళ్తే ఆ మట్టి. వైపర్లో అప్పుడప్పుడు మామిడాకు ఇరుక్కుని ఉంటుంది. గిన్నెలు తోమడం అయ్యాక సుప్రజ ఒక బకెట్ నీళ్ళతో టైర్లు కూడా కడుగుతుంది.

పక్కింటి సుబ్బాయమ్మ గోడ మీంచి తల పెట్టి పిలిచింది ఒకరోజు.

"ఏమే పిల్లా, రేపు రెడ్డిగూడెం వైపు పోతావా?"

వినీల అద్దం కాస్త దించింది. "ఏమో మామ్మా."

"పోతే మా చెల్లెలింటి ముందు నించి పో. గేదె ఈనిందో లేదో చూసిరా. ఫోనెత్తి చావదది."

మర్నాడు వినీల చెప్పింది, ఈనిందని, పెయ్యదూడని.

"ఈని కూడా చెప్పలేదు చూడు. జున్నుపాలు అడుగుతానని భయం దానికి" అంది సుబ్బాయమ్మ.

నెలకోసారి గాలి చూడ్డానికి అబ్దుల్ హమీద్ వస్తాడు. బస్టాండు దగ్గర పంచర్ల షాపు ఆయనది. ఈసారి ముందు టైరు మీద చెయ్యి పెట్టి తడిమి చూశాడు.

"అరుగుతున్నయ్ అక్కా. పిల్ల బాగానే తిప్పుతోంది."

"మార్చాలా?"

"ఇప్పుడే వద్దు. ఎ.కొండూరు దగ్గర సడన్ బ్రేకులు కొట్టొద్దని చెప్పండి. రోజూ ఒకేచోట కొడుతోంది."

"అక్కడేనని ఎట్లా తెలుసు?"

"ఇదిగో, కంకర. అక్కడేగా రోడ్డు వేస్తున్నారు." టైరు గాట్లోంచి చిన్న రాయి పీకి ఆమె చేతిలో పెట్టాడు.

ఆయన వెళ్ళిపోయాక కూడా సుప్రజ ఆ రాయి పట్టుకుని నిలబడే ఉంది. తారు వాసన వస్తోంది.

గిరిబాబు ఆర్టీసీ డ్రైవరు. డీజిలు వాసన ఇక చాలని, రిటైరయ్యాక ఈ బండి కొన్నాడు. "ఇహ నేను ప్యాసింజర్నే" అని స్టీరింగు కూతురికిచ్చి వెనక సీట్లో కూర్చునేవాడు. ఆ రోజు తండ్రీకూతుళ్ళు బెజవాడ నుంచి వస్తూ ఎ.కొండూరు దాటాక ఛార్జింగ్ కోసం ఆగారు. ఇంకో అరగంటలో తిరువూరు, ఇల్లు. ఆయన వెనక సీట్లో కాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. వినీల ఆట పెట్టుకుంది. ఛార్జింగ్ నిండింది. ఆయన లేవలేదు. ఇంకో ఆట ఆడింది. ఇంకోటి. నాలుగోది కూడా అయ్యాక వెనక్కి తిరిగింది.

గుండె అన్నారు డాక్టర్లు. నిద్రలోనే అన్నారు.

ఆసుపత్రి వరండాలో సుప్రజ ఒక్క మాట అంది. "అంతసేపూ ఒక్కసారన్నా లేపలేదా?"

ఆ తర్వాత ఇద్దరి మధ్యా అన్నం, టీ, తువ్వాలు, ఇవే మాటలు. అన్నది వెనక్కి తీసుకోవాలని సుప్రజకి ఉంది. ఎట్లాగో తెలియదు. ఏడుపు రాదు. ఆకలి వెయ్యదు. చేతులు మాత్రం పని చేస్తుంటాయి.

ఆ మధ్యాహ్నం ఆమె అద్దం కొట్టలేదు. అన్నం పళ్ళెంతో వెనక తలుపు తీసి, ఆయన తల పెట్టుకున్న వైపు కూర్చుంది. వినీల పైన అద్దంలో వెనక్కి చూసింది. తెర మీద మైలవరం వెనక్కి పోతోంది. బయట షెడ్డు గోడ అట్లాగే ఉంది.

సీటు మెత్తగా ఉంది. మూడు నెలల్లో మొదటిసారి సుప్రజకి పగలు నిద్ర ముంచుకొచ్చింది. కళ్ళు మూసుకుంది.

ముందు సీట్లో వినీల వెంటనే ఆట చప్పుడు తగ్గించింది.

సుప్రజ కళ్ళు తెరిచింది.

ఇరవై రెండేళ్ళు హైదరాబాదు నైట్ సర్వీసు నడిపాడు గిరిబాబు. నిద్ర పగలే. వినీలకి మాటలు రాకముందే సుప్రజ ఆ పిల్ల పెదాల మీద వేలు పెట్టి నేర్పింది. నాన్న బజ్జున్నాడు, లేపకూడదు. టీవీ చప్పుడు లేకుండా చూడ్డం నేర్పింది. ఒకసారి గిన్నె మూత జారవిడిస్తే వీపు మీద ఒకటి వేసింది కూడా. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ ఆడినవన్నీ చప్పుడు లేని ఆటలే.

"వినీలా."

"ఊఁ."

"లేపొద్దని చెప్పింది నేనేగా."

వినీల వేలు తెర మీద ఆగిపోయింది.

"నేనే నేర్పాను. నువ్వు విన్నావు. నీ తప్పేం లేదు."

తెర మీద ఛార్జింగ్ పాయింటు దగ్గరపడుతోంది.

"ఇక్కడ ఆపాలమ్మా" అంది వినీల. "రోజూ ఇక్కడే ఆపి వెనక్కి తిరిగి చూస్తాను. మళ్ళీ మొదట్నించీ వస్తాను."

"ఇవాళ ఆపకు. ఇంటికి పోనియ్."

"నాన్న..."

"పడుకోనీ."

వినీల బాణం గుర్తు నొక్కింది. ఛార్జింగ్ పాయింటు వెనక్కి పోయింది. టైర్ల కింద కంకర కరకరలాడింది. తర్వాత మంచి రోడ్డు. తిరువూరు బోర్డు, బస్టాండు, హమీద్ షాపు, వీధి మలుపు, సుబ్బాయమ్మ గోడ. తెర మీద షెడ్డు వచ్చింది.

కింద ముందు రెండు, వెనక రెండు, నిమ్మకాయలు చిట్లాయి. ఎండిపోయినవే. షెడ్డంతా పచ్చి నిమ్మరసం వాసన.

"వచ్చారా?" అంది గోడ మీంచి సుబ్బాయమ్మ.

"వచ్చాం పిన్నీ" అంది సుప్రజ.

వినీల ప్లగ్గు పీకింది. తల్లి చేతిలోంచి చల్లారిన అన్నం పళ్ళెం తీసుకుంది.

"లోపల తింటా. పచ్చడుందా?"

"గట్టు మీద."

కారు తలుపు ధడాలున పడింది. ఆ ఇంట్లో ఎవరూ తలుపు అట్లా వేసి ఎరగరు. సుప్రజ వెనక సీట్లోంచి కదల్లేదు. వంటింట్లో డబ్బాలు జరుపుతున్న చప్పుడు. ఏదో మూత చెయ్యి జారి గచ్చు మీద పడింది. గిర్రున తిరిగి తిరిగి, చివరికి ఆగింది. ఆగేదాకా సుప్రజ విన్నది.