అక్క నంబరుకు వచ్చిన ఓటీపీ

నంద్యాలలో విత్తనాల కంపెనీలో పనిచేసే అర్చన వేరే కొలువు వెతుక్కుంటోంది. ఆ సంగతి మేనేజరుకు తెలియకూడదని, ఉద్యోగ పరిచయాల సైట్‌లో తన నంబరు కాకుండా ఆళ్లగడ్డలో ఉండే అక్క వసుంధర నంబరు ఇచ్చింది. ఓటీపీ వచ్చినప్పుడల్లా అక్క ఫోన్ చేసి అంకెలు చెప్పి, ఆ వంకతో అరగంట మాట్లాడేది.

వానాకాలంలో జ్వరమొచ్చి అక్క పోయింది.

చాన్నాళ్లకు, తన నంబరే పెట్టుకుందామని అర్చన ఆ ఖాతా తెరిచింది. ముందు పాత నంబరుకే ఓటీపీ పోయింది. ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయుంటుందనుకుంటుండగానే ఫోన్ మోగింది. తెర మీద ‘అక్క’ అని ఉంది.

చేసింది బావ చెన్నకేశవులు.

"అర్చనా, మీ యక్క ఫోన్‌కు ఏందో నంబరొచ్చిందమ్మా. నీకే గదా చెప్తాండింది?" అంటూ ఒక్కో అంకె చదివాడు.

"ఆ సిమ్ ఇంకా ఉందా బావా?"

"రీచార్జ్ చేస్తానే ఉండా. దానికి ఎవురూ చేయరు. ఈ పొద్దే సప్పుడైంది. మళ్లా కావాలంటే పంపీ."

ఆ అంకెలు కొట్టగానే అర్చన ముందు నంబరు మార్చే పేజీ తెరుచుకుంది. నంబరు మార్చకుండానే దాన్ని మూసేసింది.

"అన్నం తింటివా బావా?"

"లేదమ్మా," అన్నాడాయన.