నాలుక కట్టిన గంట

మొదట గిన్నెలకు తెలుస్తుంది.

చెవికన్నా ముందు, కాలికన్నా ముందు, వంటింటి అలమరలో స్టీలు గిన్నెలకు తెలుస్తుంది. సన్నగా వణుకుతాయి. ఆ వెనకే నేల లోపల ఎక్కడో, చాలా లోతున, ఒక ఉరుము. ఆ వెనకే దేవుడి గది గుమ్మానికి వేలాడే ఇత్తడి గంట... ఎవరూ ముట్టుకోకుండానే ఒకసారి మోగుతుంది.

కోలారు బంగారు గనులు మూసి ఇరవై ఏళ్ళు దాటింది. చాంపియన్ రీఫ్స్‌లో షాఫ్టు మీది ఇనుప చట్రం తుప్పు పట్టి నిలబడి ఉంది. కింద, తవ్వి వదిలేసిన చీకట్లో నీళ్ళు నిండాయి. రాళ్ళు మాత్రం ఇంకా సర్దుకుంటూనే ఉన్నాయి.

ఇక్కడివాళ్ళు దాన్ని ఎయిర్ బ్లాస్ట్ అంటారు. వచ్చి పోయాక ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఒకరినొకరు పిలుచుకుంటారు. ఉండావా? ఉండాను. అంతే. మళ్ళీ ఎవరి పని వాళ్ళది.

మధురది హైవే మీది ముళబాగిలు. అక్కడ భూమి కదలదు, లారీలు కదులుతాయి. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో గంట దానంతటదే మోగితే ఆమె పెట్టిన కేకకు వీధి వీధంతా బయటికి వచ్చింది. అత్తగారు కుముద నవ్వింది.

"ఏమీ లేదమ్మా. సుమ్నే, ఊరికే పలకరిస్తాది," అంది.

ఏళ్ళు గడిచినా మధురకు ఆ పలకరింపు అలవాటు కాలేదు. భయమేస్తోందని చెప్పడం మాత్రం మానేసింది.

సాయంత్రమైతే గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీంచి గాలి లేస్తుంది. బూడిదరంగు దుమ్ము కిటికీలకు కొడుతుంది. కిటికీలు మూస్తారు.

కిటికీలు మూశాక ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

మామగారు మాధవరావు వాలుకుర్చీలో. ఒకప్పుడు గని టైమాఫీసులో గుమాస్తా. ఎవరు కిందికి దిగారు, ఎవరు పైకి వచ్చారు — అది చూడటమే ఆయన ఉద్యోగం. ఇప్పుడు ఫోన్‌లో ప్రవచనం వింటారు. కుముద వంటింటి గడప మీద, సీరియల్‌తో. భర్త అచ్యుత కాలేజీలో పాఠం చెప్పి వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. క్రికెట్ అంటాడు.

మధుర పడకగదిలో. ఆటతో.

నలుగురికీ నాలుగు ఫోన్లు. ఎనిమిది చెవులూ మూసే ఉంటాయి. ఫైబర్ నెట్ వచ్చిన రోజు అచ్యుత మైసూరుపాకు పంచాడు. ఏం ఒరిగిందని పంచాడో అతడికే తెలియాలి.

ఆటలో ఒక దీవి. ఇద్దరిద్దరు జోడీగా ఆకాశంలోంచి దిగుతారు. పాడుబడ్డ ఇళ్ళు వెతుక్కుంటారు, పొదల్లో దాక్కుంటారు, మిగతా జోడీలను పడగొడతారు. చివరిదాకా మిగిలిన జోడీ గెలుస్తుంది. మధుర జోడీ పేరు — కొండగాలి.

ఎవరో తెలియదు. ఆటే కలిపింది. నెల్లూరు అన్నాడు.

కొండగాలి మాట్లాడడు. మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందులో ఫ్యాను చప్పుడు, అప్పుడప్పుడు ఊపిరి. చెప్పాల్సింది ఇంగ్లీషు అక్షరాల తెలుగులో టైపు చేస్తాడు. మంచి జోడీ. ఆమె పడిపోతే మందు తెచ్చేది అతడే. ఏ ఇంటి ముందుకు వెళ్ళినా తలుపు తీసి పక్కకు నిలబడతాడు. ముందు నువ్వు. ఆమె గడప దాటేదాకా అక్కడి నుంచి కదలడు.

అతడు అని ఆమె అనుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగుకు ఊరుండదు. వయసుండదు. ఆడా మగా ఉండదు. ఈ సంగతి ఆమెకు ఆలస్యంగా తట్టింది.

అప్పటికే చెప్పేసింది.

చెప్పింది ఇది. రాబర్ట్‌సన్‌పేటలో ఆమె పనిచేసే ఇన్సూరెన్సు ఆఫీసు ఆమెకు ప్రమోషన్ ఇచ్చింది. శివమొగ్గకు బదిలీ. నెలాఖరులోగా చేరాలి. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఈ ఇల్లు కంపెనీ క్వార్టర్సు. మామగారి పేరు మీదికి రావడానికి ఏళ్ళ తరబడి తిరిగారు. వచ్చాక అచ్యుత గోడలకు రంగు వేయించాడు, పెరట్లో కరివేపాకు మొక్క నాటాడు. అతడు ఇక్కడి నుంచి రాడు. అది అడిగి తెలుసుకోనక్కర్లేదు.

ఆమెకు వెళ్ళాలని ఉంది.

ఎవరి మీదా కోపం లేదు. కదలని నేల మీద పడుకోవాలని ఉంది. ఒక్కసారైనా, ఇది నేను అనుకున్నాను, నేను చేశాను అనాలని ఉంది. ఆ మాట ఇంట్లో ఎవరితో అనాలో తెలియక, దీవిలో ఒక పొద వెనక దాక్కుని కొండగాలికి చెప్పింది.

చాలాసేపు ఏమీ రాలేదు. ఊపిరి మాత్రం వినబడింది.

తర్వాత వచ్చింది. "పో. ఇంట్లో చెప్పొద్దు."

ఆమె ఏడ్చింది. పెళ్ళయ్యాక ఆమెను పొమ్మన్నవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళు లేరు. ఉండు అని అందరూ అనుకున్నారు, అంతే. ఊరూ పేరూ లేని మనిషి ఒక్కడు పో అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె కొండగాలిని నమ్మింది.

ఆ వారంలోనే నేల ఉరిమింది.

గిన్నెలు వణికాయి. మంచం కోడు కదిలింది. గుమ్మం గంట మోగింది — ఇయర్‌ఫోన్ల మీంచి, మెల్లగా, దూరంగా. మధుర పళ్ళు బిగించి కూర్చుంది.

అప్పుడు చెవిలో...

ఒక్క క్షణం వెనకగా, చెవి లోపల, అదే ఉరుము. అవే గిన్నెలు. అదే గంట.

రెండోసారి.

వెంటనే తెర మీద అక్షరాలు. "నెట్ పోయి వచ్చింది."

ఆమె టైపు చేసింది. "అక్కడేమైనా చప్పుడు వచ్చిందా?"

"లేదు. ఏం?"

నెల్లూరులో ఎయిర్ బ్లాస్ట్ రాదు.

కొండగాలి ఇక్కడే ఉన్నాడు. ఈ నేల మీదే. ఈ వీధిలో ఉండొచ్చు. వెనక వీధిలో ఉండొచ్చు. ఇత్తడి గంట ఉన్న ఇల్లు ఏదైనా కావచ్చు, గంటలేని ఇళ్ళు ఇక్కడ తక్కువ. రెండిళ్ళ అవతల జయలక్ష్మమ్మ ఇంట్లో ఉంది. మూల మీది అంగడిలో కూడా ఉంది.

బయటికి వెళ్తే జయలక్ష్మమ్మ నవ్వింది. రోజూ నవ్వే నవ్వే. ఆ రోజు మధురకు అది వేరేగా కనబడింది.

ఇంట్లోకి వచ్చింది.

ఇంట్లోనూ ఒక గంట ఉంది కదా... అనుకుంది. అనుకుని, ఆ ఆలోచన మీద తనే విసుక్కుంది.

ఒక మధ్యాహ్నం పార్సిల్ వచ్చింది. విప్పితే గొడుగు. వంకీ పిడి, మందపాటి నల్లగుడ్డ, ఇద్దరు పట్టేంత పెద్దది. శివమొగ్గ వైపు, మలెనాడు వానలకు వాడే గొడుగు. కోలారులో వాన చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. ఇక్కడ గొడుగంటే ఎండకే.

పార్సిల్ మీద పేరు అచ్యుతది. ఫోన్ నంబరు కుముదది. గుమ్మం దగ్గర అందుకున్నది మాధవరావు.

"ఎవరు తెప్పించినారు?" అంది మధుర.

"నేను కాదు. ఆ యాప్‌లో నా పేరే ఉండాది. అందరూ దాంట్లోనే కదా కొనేది," అన్నాడు అచ్యుత.

"ఏదో ఆఫర్‌లో వచ్చింటాది లేమ్మా," అన్నారు మాధవరావు.

"ఉండనీ. యాడికైనా పోయేటప్పుడు పనికొస్తాది," అంది కుముద.

యాడికి?

గొడుగు మధుర పడకగది తలుపు వెనక కొక్కేనికి ఎక్కింది.

ఆ రోజు నుంచి మధుర కళ్ళు మారిపోయాయి.

గుమ్మం దగ్గర ఎదురుపడితే మామగారు పక్కకు తప్పుకుంటారు. ముందు నువ్వు పోమ్మా అంటారు. కొండగాలీ అంతే. ఒంట్లో బాగాలేకపోతే అడగకముందే మాత్ర తెచ్చి మంచం పక్కన పెట్టేది కుముద. కొండగాలీ అంతే. అడిగినదానికి చాలాసేపు ఊరుకుని, చివరికి ఒక్క ముక్క చెప్పేది అచ్యుత. కొండగాలీ... అంతే.

ముగ్గురూ సరిపోతారు. ముగ్గురిలో ఎవరూ సరిపోరు.

ప్రవచనం వింటున్న మనిషి బొటనవేలు తెర మీద అంత చురుగ్గా ఎందుకు కదులుతుంది? సీరియల్ చూస్తున్న మనిషి కళ్ళు ఎందుకు నవ్వవు, ఎందుకు తడవవు? క్రికెట్ లేని రోజు అరుగు మీద క్రికెట్ ఎక్కడిది?

అన్నిటికన్నా ఎక్కువగా ఆమెను తొలిచింది ఒక్క మాట.

పో.

నెల్లూరు మనిషి అంటే అది ధైర్యం. ఈ ఇంటి మనిషి అంటే? గోడ అవతల కూర్చుని, కోడలితోనో భార్యతోనో, వేరే పేరు పెట్టుకుని, పో అని... ఇంట్లో చెప్పొద్దు అని... తలుపు తీసి పక్కకు నిలబడటం దారి ఇవ్వడమా? సాగనంపడమా?

ఆమెకు కోపం వచ్చింది. కోపం కన్నా ఎక్కువగా అవమానం అనిపించింది. తను పొద వెనక కూర్చుని చెప్పుకున్నదంతా ఎవరో తనతో కలిసి భోంచేస్తూ, మజ్జిగ పోస్తూ, తెలియనట్టే ఉన్నారు.

అడగొచ్చు. అడిగితే ముగ్గురూ కాదంటారు. గొడుగు విషయంలో అన్నట్టే.

ఫోన్లు చూడొచ్చు. ముగ్గురి ఫోన్లకూ వేలిముద్రల తాళం.

సాక్ష్యం చెప్పగలిగింది ఒక్కటే. నేల.

ఒక ఉదయం అందరూ లేవకముందే దేవుడి గది గుమ్మం దగ్గర పీట వేసుకుంది. వత్తి దారం తీసి గంట నాలుకను పక్కకు లాగి కట్టింది. ముడి మీద ముడి వేసింది. ఊపి చూసింది. గంట ఊగింది, మోగలేదు.

ఇక నేల ఉరమాలి. ఉరిమినప్పుడు తను ఆటలో ఉండాలి. చెవిలో గంట మోగితే కొండగాలి వేరే ఇంటి మనిషి. మోగకపోతే...

పూజలో మామగారు చేతిగంట వాడతారు, గుమ్మం గంట జోలికి పోరు. కానీ శుక్రవారం కుముద దేవుడి గదంతా తుడిచింది. గంటనూ తుడిచింది. దారం ఉన్నచోటే ఉంది.

చూడలేదా? చూసీ ఊరుకుందా?

మధుర ఎదురుచూసింది. ఇన్నేళ్ళూ దేనికి భయపడి ముడుచుకుని పడుకుందో దాని కోసం, ఇప్పుడు కాళ్ళు నేలకు ఆనించి ఎదురుచూసింది. రా... అనుకుంది. ఒకసారి రా. సైనైడ్ దిబ్బ మీంచి గాలి వచ్చింది, దుమ్ము వచ్చింది, పోయింది. నేల నోరు మెదపలేదు. నెలాఖరు దగ్గరపడింది. ఆఫీసులో వీడ్కోలు కానుక ఏం కావాలని అడిగితే ఏమీ వద్దంది.

రోజూ ఆట మాత్రం ఆడింది. రోజూ కొండగాలి తలుపు తీసి నిలబడ్డాడు. ఆమె లోపలికి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూసేది. బొమ్మ ముఖంలో ఏం కనబడుతుంది?

ఆ సాయంత్రం కిటికీలు మూసి ఇంకా ఎంతోసేపు కాలేదు. దీవిలో ఇద్దరూ ఒక పాత ఇంటి ముందుకు వచ్చారు. కొండగాలి తలుపు తీశాడు. పక్కకు జరిగాడు.

గిన్నెలు వణికాయి.

మధుర ఇయర్‌ఫోన్లు చెవుల్లోకి నొక్కుకుంది.

ఉరుము... అరికాళ్ళలోంచి, మోకాళ్ళలోంచి, పంటి వరుసలోంచి. ఈసారి పెద్దది. పైకప్పు రేకు గలగలలాడింది.

తర్వాత చెవిలో. అదే ఉరుము. అదే రేకు. అవే గిన్నెలు.

తర్వాత...

ఆమె విన్నది. ఇంకా విన్నది. ఇంకా.

గంట మోగలేదు.

ఇయర్‌ఫోన్లు తీసేసింది. అడుగుల చప్పుడు. మూడు వైపుల నుంచి ముగ్గురూ పడకగది గుమ్మం దగ్గరికి వచ్చారు.

"మధూ, ఉండావా?"

"ఉండావామ్మా?"

"ఉండావా మధురా?"

"ఉండాను," అంది.

ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు. ముగ్గురూ ఎక్కడివక్కడ వదిలేసి వచ్చారు. వాలుకుర్చీలో ఒక వెలుగు, వంటింటి గడప మీద ఒక వెలుగు, అరుగు మీద ఒక వెలుగు. ఇక్కడి నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి.

ముగ్గురి చూపూ ఒకసారి దేవుడి గది గుమ్మం వైపు వెళ్ళింది. గంట వైపు. మళ్ళీ తిరిగి వచ్చింది.

గంటకు ఏమైందని ఎవరూ అడగలేదు.

ఎవరు? అని మధుర అడగబోయింది. దాని బదులు ఇంకో మాట బయటికి వచ్చింది.

"నేను శివమొగ్గకు పోతా ఉండాను."

ముగ్గురి ముఖాలూ చూసింది. ఒక్కొక్కటే, వదలకుండా చూసింది.

ఒక్క ముఖంలోనూ ఆశ్చర్యం లేదు.

అచ్యుత నేల వైపు చూస్తున్నాడు. కళ్ళు తడిగా ఉన్నట్టున్నాయి, దుమ్ము వల్ల కూడా కావచ్చు. కుముద చేయి చాచి తలుపు వెనక కొక్కెం మీది గొడుగు మడతలు సర్దింది.

"యాడుంటావో చెప్పి పోమ్మా," అన్నారు మాధవరావు. పైకి వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ చూసిన మనిషి.

ఎందుకు అని ఎవరూ అనలేదు. వద్దని ఎవరూ అనలేదు. ముగ్గురూ, ఎవరో చెప్పినట్టు, గుమ్మంలోంచి పక్కకు జరిగారు.

ఒళ్ళో ఫోన్ ఇంకా వెలుగుతోంది. దీవిలో తలుపు తెరిచే ఉంది. కొండగాలి పక్కన నిలబడే ఉన్నాడు. కదలడం లేదు.

దేవుడి గది గుమ్మానికి గంట ఊగుతోంది... అటూ ఇటూ, అటూ ఇటూ. చప్పుడు లేదు.

వంటింట్లో గిన్నెలు ఇంకా ఆగలేదు.