రెండో గీత

వాన. టార్పాలిన్ మీద వాన.

గాజు గ్లాసులో సన్నటి కాగితం ముక్క నిలబడి నీళ్లు తాగుతోంది. తడి మెల్లగా పైకి పాకుతోంది. ఎర్ర గీత ఒకటి లేచింది.

రెండోది లేవాలి.

రెండూ లేస్తే భయం లేదు. ఒక్కటే లేస్తే మత్తు బిళ్ళలో ఫెంటనిల్ కలిసినట్టు. గోటి చివర అంటినంత చాలు, మనిషి ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడు.

లే... లే తల్లీ...

ఈ క్యాంపులో నేను వంటమనిషిని. నరికేసిన అడవిలో మళ్లీ మొక్కలు నాటే వాళ్లకి పొద్దున ఓట్స్ జావ, సాయంత్రం రొట్టె, కూర. బ్రిటిష్ కొలంబియా కొండలు. ఊరంటే మట్టిరోడ్డు మీద సగం పూట ప్రయాణం. సెలవు రోజున అందరూ ఊళ్లోకి పోతారు. బట్టలు ఉతుక్కుంటారు, బీరు తాగుతారు, ఎవడి దగ్గరో బిళ్ళలు కొనుక్కొస్తారు. వద్దంటే మానే రకాలు కాదు. అందుకే వంట డేరా మూల నా పరీక్ష పెట్టె. అందులో సరుకును బట్టి రంగు మారే మందు సీసా, ఈ కాగితాలు. తిట్లు లేవు, ఆరాలు లేవు. తెండి, చూస్తాను — అంతే.

ఇవాళ తెచ్చింది నా తమ్ముడు రెమీ.

వాడు తెచ్చింది సగం బిళ్ళే.

"మిగతా సగమేదిరా?"

"ఇప్పుడే వేసుకున్నానక్కా. నువ్వేమో పిండిలో మునిగిపోయావు. నీ పని నేనెన్నిసార్లు చూడలేదు? అంచు గీకాను, సీసాలోంచి చుక్క వేశాను. ఊదా రంగు, ఆపైన నలుపు. అమ్మినవాడు చెప్పిన సరుకే. కాగితం కూడా ముంచాను. రెండు గీతలు. మన ప్లాట్ వేసినట్టే కదా."

ప్లాట్.

అది మా మేస్త్రి హోలిస్ పద్ధతి. కొండ మీద కర్ర పాతి, దానికి కట్టిన తాడు చుట్టూ తిప్పుతాడు. ఆ గుండ్రంలో పడ్డ మొక్కల్నే లాగి చూస్తాడు. అవి బాగుంటే కొండంతా బాగున్నట్టే. రెమీ బతుకు ఎన్నో వేసవులుగా ఆ గుండ్రాల మీదే నడుస్తోంది. నమ్మకం కుదరదా మరి.

కానీ బిళ్ళ కొండ కాదు... ఉప్పు సరిగా కలవని పిండి. ఒక ముద్ద చప్పగా ఉంటుంది, పక్క ముద్ద నోట పెట్టలేం. సీసాలోని చుక్క ఎక్కువగా ఉన్నదాన్నే చూపిస్తుంది. దాని వెనక నక్కినదాన్ని చూపించదు. కాగితం చూపిస్తుంది — బిళ్ళంతా నూరి నీళ్లలో కలిపితేనే.

మిగిలిన సగాన్ని నూరాను. కలిపాను. ముంచాను.

వాన పడుతూనే ఉంది.

రెండోది లేవలేదు.

కాగితాన్ని వెలుతురులోకి పట్టుకెళ్లాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. లీలగా కనిపించినా చాలు, గీత గీతే. నా కళ్లే సరిగా లేవేమో అనుకున్నాను. అలా అనుకోవాలని ఎంత ఆశపడ్డానో.

తెల్లగా ఉంది.



"ఏంటక్కా ఆ మొహం? జావ మాడిందా?"

"ఒకటే గీతరా రెమీ."

నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

"నాకు రెండొచ్చాయి గదా..." అన్నాడు, చిన్నప్పటి గొంతుతో.

హోలిస్‌ని కేకేశాను. వచ్చి రేడియో అందుకున్నాడు. ఈ మబ్బులో హెలికాప్టర్ లేవదన్నారు. అంబులెన్స్ బయల్దేరిందన్నారు. బయల్దేరడం వేరు, ఆ బురదలో రావడం వేరు. మందుల పెట్టెలో ముక్కులో కొట్టే విరుగుడు రెండే ఉన్నాయి. ఊపిరి మందగిస్తేనే కొట్టాలి. రెండూ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"మాట్లాడుతూ ఉండరా. ఆపకు."

"ఏం మాట్లాడను? నీ జావ గురించి మాట్లాడనా? ఆ జావతో గోడలు కట్టొచ్చు. అమ్మ చేసేది జావంటే... అమ్మకి చెప్పకక్కా."

"చెప్పనులే. ఇంకా."

"ఇంకా... మొన్న ఎలుగుబంటి... హోలిస్ బూటు..."

మాటకీ మాటకీ మధ్య వాన వినిపించసాగింది. మొదట కొంచెం, తర్వాత ఎక్కువ.

"నిద్రొస్తోందక్కా."

నాకు ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

పిండి బస్తాల పక్కన పడుకోబెట్టాం. పిలిచాను. చెంప మీద కొట్టాను. రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దాను. పెదాలు నీలం తిరుగుతున్నాయి. ముక్కులో మందు కొట్టాను. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నా ఊపిరి వాడి నోట్లోకి ఊదాను. మళ్లీ ఊదాను. మళ్లీ... వాడి పెదాల మీద బీరు వాసన, నా పిండి వాసన.

కదలలేదు. రెండో మందూ కొట్టాను. ఇక పెట్టెలో ఏమీ లేదు.

హోలిస్ రోడ్డు వైపే చూస్తున్నాడు. రోడ్డు మీద ఏ వెలుగూ లేదు.

"ఆపి చూడు," అన్నాడు మెల్లగా. "తనంతట తను ఊపిరి తీసుకుంటాడేమో చూడు."

ఆపాను.

వాన. టార్పాలిన్ మీద వాన.

వాడి ఛాతీ లేచింది. తనంతట తనే. ఒక్క ఊపిరి.

రెండోది లేవాలి.

లే... లే తండ్రీ...